గాదె కింద ఇంటిపాము: ఆఫ్రికా గోధుమరంగు గృహసర్పం, పొలంలోనూ పెంపకంలోనూ

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో మనుషుల నివాసాలకు ఇంత దగ్గరగా మసలే పాములు అరుదు. మొక్కజొన్న కంకులు నిలువచేసిన కొట్టు కింద, గడ్డికప్పు చూరులో, ఇటుకల గుట్టలో, కోళ్ళగూటి వెనుక రాళ్ళ సందులో ఇది పగలంతా చుట్ట చుట్టుకొని పడుకొంటుంది. చీకటి పడిన తరువాత గోడ మూల వెంట మెల్లగా బయలుదేరుతుంది. దీనికి విషపు కోరలు లేవు. ఇది వెదికేది ఎలుకలను. అయినప్పటికీ దీపపు వెలుగులో కంటబడిన మరుక్షణం దీనికి దక్కేది సాధారణంగా కర్రదెబ్బ. ఇదే పాము ఐరోపాలోనూ అమెరికాలోనూ పెట్టెల్లో తరతరాలుగా పుట్టి పెరుగుతున్నది. పాములను కొత్తగా పెంచదలచినవారికి అనువైనదని పేరు కూడా తెచ్చుకున్నది. ఒకచోట కర్రకు బలయ్యే జీవి మరొకచోట ముద్దుగా పెరగడం వింత కాదు. వ్యవసాయ శాస్త్రానికి పనికివచ్చే అంశం మరొకటి ఇందులో ఉన్నది. పెట్టెలో పెంచినవారు రాసిపెట్టుకున్న మేత లెక్కలు, గుడ్ల లెక్కలే గాదె కింద ఈ పాము ఏ మేరకు పనిచేయగలదో, ఏ మేరకు చేయలేదో చెబుతాయి.

పేరు, గుర్తింపు

ఈ పామును శాస్త్రజ్ఞులు చాలాకాలం లాంప్రోఫిస్ ప్రజాతిలో ఉంచారు. 2011లో వెలువడిన జన్యు అధ్యయనం తరువాత దీనిని, దీని దగ్గరి బంధువులను బోయీడాన్ అనే పాత ప్రజాతి పేరుకిందికి తిరిగి చేర్చారు. దక్షిణ ఆఫ్రికా భాగాలలో కనిపించే గోధుమరంగు ఇంటిపాము బోయీడాన్ కాపెన్సిస్. బోయీడాన్ ఫులిజినోసస్ అనే జాతిపేరుకు లాటిన్ భాషలో మసి పట్టినదని అర్థం. దీనిని బోయీ 1827లో వర్ణించాడు. పశ్చిమ ఆఫ్రికాలో చారల ఇంటిపాము బోయీడాన్ లీనియాటస్ ఉన్నది. ఒకే జాతి అనుకున్న వాటిలో అనేక జాతులు దాగి ఉన్నాయని ఇటీవలి పరిశోధనలు చూపాయి. 2020లో అంగోలా పాముల అధ్యయనం ఒక్కటే కొత్త జాతులను కొన్నింటిని చేర్చింది. అందువల్ల పాత పరిశోధన పత్రాలలో లాంప్రోఫిస్ ఫులిజినోసస్ అని కనిపించినప్పుడు అది నేటి లెక్కలో ఏ జాతి అన్నది పాము ఏ ప్రాంతం నుంచి వచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది. విద్యార్థులు ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే చాలు; పేర్ల చర్చలో అంతకన్న లోతుకు పోవలసిన పని వ్యవసాయ శాస్త్రానికి లేదు.

గుర్తింపు మాత్రం పేరు కన్న ముఖ్యం. కాపెన్సిస్ దేహం లేత గోధుమ నుంచి ఇటుక ఎరుపు వరకు ఉంటుంది; వయసు పైబడే కొద్దీ ముదిరి కొన్నింటిలో దాదాపు నలుపవుతుంది. పొలుసులు నునుపుగా ఉండి వెలుతురు పడినప్పుడు ఇంద్రధనుస్సు మెరుపు చూపుతాయి. పొట్ట ముత్యపు తెలుపు. తలకు ఇరువైపులా రెండేసి లేత మీగడరంగు గీతలు ఉంటాయి. ఒకటి ముక్కు కొన నుంచి కంటి మీదుగా తల వెనుకవరకు, రెండవది కంటి నుంచి నోటి మూలవరకు సాగుతుంది. రైతు గుర్తుపెట్టుకోవలసిన లక్షణం ఏదైనా ఉంటే అది ఈ గీతల జంటే. ముసలి పాములలో అవి మసకబారుతాయి గానీ దీపం దగ్గరగా పట్టి చూస్తే చాలావాటిలో ఆనవాలు మిగిలే ఉంటుంది.

కంటిపాప నిలువుగా ఉంటుంది. నిలువు కంటిపాప ఉన్న పాములన్నీ విషసర్పాలనే సూత్రం శిక్షణ తరగతులలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ పాము ఆ సూత్రాన్ని ఒక్క చూపుతో కొట్టివేస్తుంది. నిలువు పాప రాత్రి సంచారానికి సంబంధించినదే తప్ప విషానికి గుర్తు కాదు. గుండ్రని కంటిపాప గల తాచుపాము, మాంబా సంగతి తెలిసినదే. ఆ సూత్రాన్ని పాఠాలలోంచి తీసివేయడం మేలు.

అలాగని గోధుమరంగు పామును చూసి ఇంటిపామే కదా అని చేయి చాచడం ప్రాణాంతకం కావచ్చు. అదే ప్రాంతాలలో మొజాంబిక్ ఉమ్మితాచు కూడా రాత్రివేళ ఇళ్ళలోకి వస్తుంది. నేలపై నిద్రించేవారిని కాటు వేసిన ఘటనలు క్వాజులూ-నాటాల్ ఆసుపత్రుల అనుభవంలో సాధారణం. దాని వీపు కూడా గోధుమ, బూడిద రంగుల మిశ్రమమే. పడగ విప్పితే తెలుస్తుంది, గొంతు కింద నల్లని అడ్డపట్టీలు కనిపిస్తాయి; కానీ పడగ విప్పకముందు, మసక వెలుతురులో, రెండింటి మధ్య తేడా అనుభవం లేనివారికి అందదు. మట్టిలో ఉండే స్టిలెటో పాము మరీ మోసకారి. చిన్నదిగా, ముదురు రంగులో, అమాయకంగా కనిపిస్తుంది. దాని కోరలు నోరు తెరవకుండానే పక్కకు పొడుచుకొని వస్తాయి కనుక తల వెనుక పట్టుకున్నా కాటు తప్పదు. కాబట్టి రైతుకు ఇవ్వదగిన సలహా పామును పట్టుకొని గుర్తించమని కాదు. దూరం నుంచి తలపై గీతలు చూడమని, అనుమానం ఉంటే దారి వదలమని.

జూలూల సంప్రదాయంలో ఇంట్లోకి నిశ్శబ్దంగా వచ్చి ఎవరినీ బెదిరించని కొన్ని పాములు పూర్వీకుల ఆత్మలు. వాటిని చంపరు. ఈ విశ్వాసాన్ని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ హెన్రీ కాలవే జూలూ భాషలోనే, చెప్పినవారి మాటల్లోనే నమోదు చేశాడు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసే తెలుగువారికి ఇది వింతగా తోచదు. పుట్ట దగ్గర చేతులు జోడించేవారే గడప లోపల కనిపించిన పామును వదలకపోవడమూ వారికి తెలిసినదే. విస్తరణ కార్యకర్తకు మాత్రం ఇటువంటి విశ్వాసం ఉన్న ఊరిలో పని సగం తేలిక.

వేట, సంతానం

ఆడ, మగ పాముల మధ్య పరిమాణంలో ఇంత వ్యత్యాసం చాలా పాములలో కనిపించదు. సాధారణంగా ఈ పాములు 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. పెద్ద ఆడపాములు 120 సెంటీమీటర్లు దాటుతాయి, మగవి 75 సెంటీమీటర్లకు మించడం అరుదు. మగపాము తోక మాత్రం దేహంతో పోల్చితే పొడవైనది. ఈ తేడా ఆహారంలోనూ ప్రతిఫలిస్తుంది. పెద్ద ఆడపాము ఎదిగిన ఎలుకను మింగగలదు. మగపాము చుంచులు, ఎలుక పిల్లలు, బల్లులతో సరిపెట్టుకొంటుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపాములు మొదట ఎక్కువగా బల్లులను, నలికిరీలను వేటాడతాయి. పక్షి పిల్లలు, గబ్బిలాలు, అప్పుడప్పుడు కప్పలు కూడా ఆహారమే.

వేట పద్ధతి సాదాసీదా. నాలుకతో వాసన పట్టుకొంటూ గోడ అంచు వెంట, ఎలుకల నడకదారి వెంట సాగుతుంది. ఎలుకను పళ్ళతో పట్టి, క్షణంలో చుట్టలు బిగిస్తుంది. చుట్టలు బిగించే పాములు ఊపిరాడకుండా చేసి చంపుతాయని పాత పుస్తకాలు చెప్పేవి. 2015లో బోవా పాములపై జరిగిన ప్రయోగాలు ఎలుకలో రక్తప్రసరణే కొద్ది సెకన్లలో స్తంభిస్తుందని చూపాయి. ఇంటిపాముకు ఉన్న అసలు బలం దేహపు సన్నదనం. పిల్లి దూరలేని బొరియలోకి, గుడ్లగూబ కాలు అందని కన్నంలోకి ఇది నేరుగా పోతుంది. గూటిలో కళ్ళు తెరవని పిల్లలు దొరికితే ఒకదాని తరువాత ఒకటి మింగుతుంది.

ఆడపాము విడతకు ఎనిమిది నుంచి పద్దెనిమిది వరకు గుడ్లు పెడుతుంది. ఎండుటాకుల కింద, చెత్తకుప్పలో, పాత చెదపుట్టలో, వెచ్చదనం, తేమ ఉన్న చోట వాటిని వదిలి వెళ్ళిపోతుంది. రెండు, మూడు నెలల్లో 20 నుంచి 25 సెంటీమీటర్ల పిల్లలు బయటికి వస్తాయి. ఒక్క సంయోగంతో అందిన వీర్యాన్ని దేహంలో నిలువ ఉంచుకొని తరువాతి విడతలకు కూడా వాడుకోగలదు. ఈ పాము తానే అనేకమందికి ఆహారం. గుడ్లగూబలు, తాచులు, పాములనే తినే ఫైల్ పాములు దీనిని వదలవు.

ఎలుకల లెక్కలో దీని వాటా

పాము రైతు నేస్తమనే మాట విస్తరణ కరపత్రాలన్నింటిలోనూ ఉంటుంది. మాట మంచిదే గానీ దాని వెనుక లెక్క ఉండాలి. లెక్క లేని నేస్తరికం మొదటి ఎలుకల ఉప్పెనలోనే తేలిపోతుంది.

తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్నకు ప్రధాన శత్రువు మాస్టోమిస్ నటలెన్సిస్ అనే ఎలుక. ఆడ ఎలుకకు ఇరవైకి పైగా చన్నులు ఉండే కారణంగా దానిని బహుస్తన ఎలుక అంటారు. ఒక కాన్పులో పది, పన్నెండు పిల్లలు పుట్టడం మామూలే. గర్భకాలం మూడు వారాల చిల్లర. టాంజానియాలో మొక్కజొన్న దిగుబడిలో 5 నుంచి 15 శాతం ఎలుకల పాలవుతున్నదని పరిశోధకుల అంచనా. నష్టం ఎక్కువగా విత్తిన మొదటి రెండు వారాలలోనే జరుగుతుంది. ఎలుకలు సాలు వెంట పోతూ విత్తనాన్ని తవ్వి తింటాయి, మొలకను కొరుకుతాయి. రైతు మళ్ళీ విత్తవలసి వస్తుంది, లేదా మొక్కల సంఖ్య తగ్గిన పొలంతో సరిపెట్టుకోవలసి వస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో ఇదే ఎలుక లస్సా జ్వరపు వైరస్‌కు ఆశ్రయం. 1969లో నైజీరియాలోని లస్సా పట్టణంలో బయటపడిన ఆ వ్యాధి, ఎలుక మూత్రం తగిలిన ధాన్యం ద్వారా, ఇంటి నేల ద్వారా మనుషులకు సోకుతుంది.

ఇక పాము వైపు చూడాలి. అడవిలో తిరిగే పాము సంవత్సరానికి ఎన్ని ఎలుకలు తింటుందో నేరుగా లెక్కించడం దాదాపు అసాధ్యం. పెంపకందారుల పుస్తకాలలో ఆ లెక్క ఉన్నది. ఎదిగిన ఆడపాముకు వారానికి, పది రోజులకు ఒక చుంచెలుక చాలు. పెట్టెలో వెచ్చదనం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఇది గరిష్ఠం అనుకోవచ్చు. ఆరుబయట చలినెలల్లో పాము చాలా రోజులు మేత ముట్టదు. ఆ లెక్కన ఒక పెద్ద ఆడపాము ఏడాదికి నలభై, యాభై ఎలుకలను మించి తినదు. మగపాము ఇంకా తక్కువ. అనుకూలమైన వర్షకాలంలో ఒక్క ఆడ ఎలుక వరుసగా నాలుగు కాన్పులలో కనే సంతానం పాము ఏడాది మేతకు సరిపోతుంది. ఎలుకల ఉప్పెన వచ్చిన సంవత్సరం హెక్టారుకు వందలకొద్దీ ఎలుకలుంటాయి. అక్కడ ఇంటిపాములు ఎన్ని ఉన్నా ఫలితం తేలదు.

ఈ నిర్ధారణకు ప్రయోగ ఆధారం కూడా ఉన్నది. టాంజానియాలో మొరొగోరో ప్రాంతపు సొకొయినే వ్యవసాయ విశ్వవిద్యాలయం, బెల్జియం, డెన్మార్క్ శాస్త్రవేత్తలతో కలిసి దశాబ్దాలుగా ఈ ఎలుకపై పనిచేస్తున్నది. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మొక్కజొన్న చేలను మూడు తీరులుగా ఉంచారు. కొన్నింటిని వలలు కప్పి వేటజీవులు రాకుండా చేశారు. కొన్నింటిలో కొయ్యలు నాటి, గూళ్ళు కట్టి వేటపక్షులను రప్పించారు. కొన్నింటిని యథాతథంగా వదిలారు. వేటజీవులు లేని చోట ఎలుకల పెరుగుదల కొంత వేగం పుంజుకున్నది గానీ ఏటి గమనం మొత్తంగా పెద్ద మార్పు చూపలేదు. హెర్విగ్ లైర్స్ బృందం అంతకు మునుపే చూపిన మరొక సంగతి ఇక్కడ కీలకం: ఉప్పెనను నిర్ణయించేది వాన. వూలి అని పిలిచే తొలివానలు అక్టోబరు, డిసెంబరు మధ్య సమృద్ధిగా పడితే, మసికా అనే ప్రధాన వర్షకాలంలో పుట్టవలసిన తరానికి ముందే ఒక అదనపు తరం పుట్టి సిద్ధంగా ఉంటుంది. వర్షమానిని చూసి హెచ్చరించడం సాధ్యమని వారు నిరూపించారు. పాముకు ఆ వేగం లేదు, ఉండదు. ఎలుక నెలల్లో తరం మారుస్తుంది. పాము పిల్ల ఎదిగి గుడ్లు పెట్టడానికి ఏడాదికి పైగా పడుతుంది.

అయితే ఈ లెక్క చేను లెక్క. గాదె లెక్క వేరు. కోత తరువాత ఇంటి ఆవరణలో, ధాన్యపు కొట్టులో ఎలుకలు వందలు కావు, పదుల్లో ఉంటాయి. ఆరంభంలో ఒకటి రెండు జంటలే ఉంటాయి. నెలకొక గూడు చొప్పున పిల్లలు ఎదగకముందే మాయమైతే కొట్టులో ఎలుకల సంఖ్య నిలదొక్కుకోవడం కష్టం. చేనులో నగణ్యమైన నలభై ఎలుకలు కొట్టులో గణనీయం. ఎండకాలపు చివర చేలలో ఎలుకలు బాగా తగ్గి, మిగిలినవి గట్ల మీద, ఇళ్ళ చుట్టూ చేరే దశలో కూడా ఈ వాదం కొంతవరకు వర్తిస్తుంది. ఇంటిపాము విలువ అంతవరకే, ఆ మేరకే. కరపత్రంలో ఈ హద్దు రాస్తే రైతు నమ్మకం నిలుస్తుంది. పాములుంటే చేనులో ఎలుకలుండవని రాస్తే వచ్చే ఏడాది ఆ కరపత్రాన్ని ఎవరూ చదవరు.

ఇక్కడ మరొక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. కొట్టు చుట్టూ చెత్త, రాళ్ళగుట్టలు తీసివేయమని ఎలుకల యాజమాన్యం చెబుతుంది. ఆ గుట్టలే ఇంటిపాముకు నివాసం. పాము కోసం గుట్టలను ఉంచవచ్చునా? కూడదు. అవే గుట్టలు ఎలుకలకు ముందుగా, ఉమ్మితాచుకు తరువాత ఆశ్రయమిస్తాయి. కొట్టు కాళ్ళకు రేకు గరాటులు తొడగడం, కన్నాలు పూడ్చడం, నేలను శుభ్రంగా ఉంచడం మొదటి పని. అంత చేసినా ఎలుకను వెదుక్కొంటూ పాము వస్తే దానిని రానివ్వడం రెండవ పని. ఈ వరుస మారకూడదు.

గాజుపెట్టెలో

పెంపుడు పాముగా దీనికి వచ్చిన పేరుకు కారణం రూపం కాదు, తిండి. చాలా చిన్న పాముల పిల్లలు బల్లులను తప్ప ముట్టవు, కాబట్టి పెట్టెలో ఆకలితో చస్తాయి. ఇంటిపాము పిల్ల పుట్టుకతోనే కొంచెం పెద్దది; చాలావరకు ఒకటి రెండు ప్రయత్నాలలోనే వెంట్రుకలు రాని చుంచుపిల్లను అందుకొంటుంది. గడ్డకట్టించి నిలువచేసి, తరువాత వెచ్చబరచిన చచ్చిన ఎలుకనైనా కాదనదు. ఎదిగిన పాముకు ఒక చివర 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, మరొక చివర 24 నుంచి 26 డిగ్రీలు ఉండే పెట్టె, రెండు చివరలా దాక్కొనేందుకు మరుగు, ఎప్పుడూ నీళ్ళున్న పాత్ర, కుబుసం విడిచే రోజుల్లో కొంత తేమ చాలు. మూత బిగువుగా ఉండాలి. పెన్సిలు దూరే సందు పిల్లపాముకు రాజమార్గం. కొత్తలో పిల్లలు కరవజూస్తాయి, తోక ఆడిస్తాయి. కొద్ది నెలల్లో సర్దుకొంటాయి. సాల్మొనెల్లా బాక్టీరియా సరీసృపాల మలంలో ఉంటుంది గనుక ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడగవలసిందే. బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు బతకగల జీవి ఇది. కొనేవారిలో ఎక్కువమంది ఆలోచించనిది ఈ అంకెను గురించే.

పెంపకంలో జరిగే అన్యాయం చాలావరకు ఆడపాముకు జరుగుతుంది. వెచ్చదనం, మేత నిరంతరం అందితే అది ఏడాదిలో నాలుగైదు విడతలు గుడ్లు పెట్టగలదు. వీర్యం నిలువ ఉంటుంది కనుక మగపామును వేరుచేసినా ఆగదు. ప్రతి విడత దాని దేహపు కొవ్వును, సున్నాన్ని తోడివేస్తుంది. మగ, ఆడ పాములను ఒకే పెట్టెలో ఉంచినప్పుడు ఇంకా ఎదగని ఆడపాము గుడ్లు మోసి, అవి బయటికి రాక చనిపోతుంది. ఒక జత నుంచి ఏడాదికి నలభైకి పైగా పిల్లలు వస్తే వాటికి ఇళ్ళు దొరకవు. సులువుగా పెరిగే జంతువు చవకవుతుంది, చవకైనది నిర్లక్ష్యానికి గురవుతుంది. తెల్లపుట్టుక పాములను, రంగురంగుల వంశాలను ఎంపిక చేసే అలవాటు దీనికి తోడైంది. దక్షిణాఫ్రికాలో స్థానిక పాములను ఉంచుకోవాలంటే ప్రావిన్సుల వారీగా అనుమతులు కావాలి. పెంపకంలో పుట్టిన పిల్లలు విరివిగా ఉన్నందువల్ల ఈ ఒక్క పాము విషయంలో అడవి నుంచి పట్టి తేవలసిన అవసరం లేదన్నది మాత్రం ఒప్పుకోవలసిన మేలు.

భారతదేశంలో విదేశీ జంతువుల పెంపకం విస్తరిస్తున్నందున ఒక మాట అవసరం. 2022 నాటి వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, సైటిస్ ఒప్పందపు అనుబంధాలలోని జీవులను ఉంచుకొనేవారు నమోదు చేసుకోవాలని నిర్దేశించింది. ఇంటిపాము ఆ అనుబంధాలలో లేదు. జాబితాలో లేనంత మాత్రాన అది ప్రమాదరహితమని అర్థం కాదు. జాబితా వ్యాపారపు ఒత్తిడిని కొలుస్తుంది, తప్పించుకున్న పాము చేయగల హానిని కొలవదు. కెనరీ దీవులలోని గ్రాన్ కెనేరియాలో పెంపకం నుంచి బయటపడిన కాలిఫోర్నియా రాచపాములు అక్కడి బల్లులను తుడిచిపెడుతున్నాయి. ఇంటి గోడల్లో మసలే మరొక చిన్న పాము, భారతదేశానికి సుపరిచితమైన వుల్ఫ్ స్నేక్, సరకులతో కలిసి మారిషస్, రీయూనియన్ దీవులు చేరింది. దాని బంధువు 1987లో క్రిస్మస్ దీవిలో కనిపించిన తరువాత అక్కడి స్థానిక బల్లులు వేగంగా క్షీణించాయి. ఎలుకలున్న ప్రతిచోటా బతకగలిగి, ఏడాదికి పలుమార్లు గుడ్లు పెట్టి, ఒక్క ఆడపాముతోనే కొత్త చోట సంతతిని మొదలుపెట్టగల పాము విషయంలో ఈ అనుభవాలను తేలికగా తీసుకోరాదు.

ఎలుక నుంచి గుడ్డుకు

పెట్టెలో తేలికగా పెరిగి, తరచుగా గుడ్లు పెట్టే లక్షణం వల్ల ఈ పాము ప్రయోగశాలకూ చేరింది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు టైలర్ ప్రాంగణంలో నీల్ ఫోర్డ్ ఒకే ఆడపాము వరుస విడతలలో గుడ్ల సంఖ్య, పరిమాణం ఎలా మారుతాయో ఈ పాముల సాయంతోనే పరిశీలించారు. 2004లో విలియం హాప్కిన్స్ బృందం, ఫోర్డ్ సహా, మరొక ప్రశ్న వేసింది: ఎలుక దేహంలోని సెలీనియం పాములోకి, పాము నుంచి గుడ్డులోకి పోతుందా? సెలీనియం కలిసిన అమైనో ఆమ్లాన్ని ఎలుకలకు ఎక్కించి, ఆ ఎలుకలను పాములకు నెలల తరబడి మేపారు. సెలీనియం పాము కాలేయం, మూత్రపిండాలలో పేరుకొన్నది, గుడ్లలోకీ చేరింది.

సెలీనియం ఎలుకల మందు కాదు. కానీ ఎలుక దేహంలోని పదార్థం ఎంత దూరం ప్రయాణించగలదో ఈ ప్రయోగం చూపింది. ఆ దారిలో ఎలుకల మందును ఉంచి చూడవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రానిది. తూర్పు ఆఫ్రికాలో వాడుకలో ఉన్నవి జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడయోలోన్; తెలుగు రాష్ట్రాల విస్తరణ సిబ్బందికి కంఠతా వచ్చిన 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు ఎరలో కలిపేవీ ఇవే. రెండింటి తీరు వేరు. జింక్ ఫాస్ఫైడ్ ఎలుక పొట్టలో ఫాస్ఫీన్ వాయువుగా మారి గంటల్లో చంపుతుంది. కండరాలలో నిలవదు, కానీ జీర్ణం కాని ఎర పేగుల్లో ఉండిపోవచ్చు. బ్రోమడయోలోన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని హరించి కొన్ని రోజుల తరువాత చంపుతుంది. కాలేయంలో చాలాకాలం నిలిచిపోతుంది. గద్ద ఎలుకను చీల్చుకొని తినే క్రమంలో పేగులను పక్కన పడవేయగలదు. పాముకు ఆ వెసులుబాటు లేదు. పేగులు, కాలేయంతో సహా మొత్తం మింగవలసిందే. పైగా బ్రోమడయోలోన్ తిన్న ఎలుక చచ్చేలోపు మూడు నాలుగు రోజులు మందకొడిగా, పారిపోలేని స్థితిలో, గోడల వెంట తిరుగుతుంది. ఇంటిపాము దారి కూడా అదే. పెంపకందారు వెచ్చబరచి ఇచ్చిన చచ్చిన ఎలుకను ఆనందంగా అందుకొనే పాము, కొట్టు మూలలో అప్పుడే చచ్చి పడిన ఎలుకను వదిలిపెడుతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

సరీసృపాలు ఈ రకం మందులకు పక్షులంత, క్షీరదాలంత తేలికగా లొంగవని భావిస్తారు. అది ఓదార్పు కాదు. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో చనిపోయి దొరికిన పాములను, బల్లులను పరీక్షించినప్పుడు ఎలుకలను తినే డ్యూగైట్ పాములలో అత్యధిక భాగం కాలేయాలలో రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందుల అవశేషాలు కనిపించాయి. తానై చావని పాము ఆ మందును దేహంలో మోసుకొని తిరుగుతుంది. దానిని తిన్న గుడ్లగూబకు చేరుస్తుంది.

తెలుగు నేల మీద ఈ స్థానంలో ఉన్నది జెర్రిపోతు. అది పగటి వేటగాడు, పెద్ద పాము, పందికొక్కును సైతం మింగగలదు. లెక్కలో దాని వాటా ఇంటిపాముకన్న ఎక్కువే. చట్టం దానికి పూర్తి రక్షణ ఇస్తుంది, పట్టి ఉంచుకోవడం నేరం. అయినా గ్రామమంతా ఒకేసారి ఎరపెట్టే సామూహిక కార్యక్రమాలలో దాని ప్రస్తావన రాదు. ఇళ్ళలో కనిపించే వుల్ఫ్ స్నేక్ విషం లేనిదైనా ఒంటిమీది తెల్లని పట్టీల వల్ల కట్లపాము అనుకొని చంపివేస్తారు. దానికీ గుర్తింపు సమస్యే శాపం.

ఎరపెట్టిన తరువాత చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టాలని ప్రతి సిఫారసులోనూ ఉన్నది. సాధారణంగా ఆ పని ఉదయం, అదీ ఒక్క రోజు, జరుగుతుంది. బ్రోమడయోలోన్ విషయంలో ఎలుకలు చావడం మూడవ రోజున మొదలై వారం దాటి సాగుతుంది. కొన్ని బొరియల్లోనే చస్తాయి, అవి ఎవరికీ చిక్కవు. పైకి వచ్చి చచ్చేవాటినైనా అందుకోవాలంటే మూడవ రోజు నుంచి కనీసం పది రోజులపాటు, ఉదయం ఒకసారి, పొద్దు వాలకముందు మరొకసారి కొట్టు చుట్టూ తిరగాలి. ఉదయం ఏరినవి పగటి వేటగాడైన జెర్రిపోతుకు దక్కకుండా ఉంటాయి. సాయంత్రం ఏరినవి, చీకటి పడగానే గోడ మూల వెంట బయలుదేరే ఇంటిపాముకు దక్కకుండా ఉంటాయి.